పాత చేపల తొట్టికి నీళ్ల పరీక్ష



ఈ పూట ఒక ఇంటి వస్తువు గురించి మాట్లాడుకుందాం. చేపల తొట్టి. అక్వేరియం అంటున్నాం కదా, అదే. కొత్తది కాదు. ఒకరి ఇంట్లో కొన్నాళ్లు ఉండి, ఇప్పుడు అమ్మకానికి వచ్చిన పాత తొట్టి. దాన్ని కొనేముందు ఏం చూడాలి? ఇంటికి తెచ్చాక, చేపల్ని వదిలే ముందు ఏం చెయ్యాలి? ఈ రెండే నా విషయం.

మా చల్లపల్లి లాంటి ఊళ్లలో ఈ తొట్లు చేతులు మారుతూనే ఉంటాయి. పిల్లవాడు ముచ్చటపడ్డాడని కొంటారు. వాడు పదో తరగతి అయ్యాక విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోతాడు. చేపలకి మేత వేసేవాళ్లు ఉండరు. తొట్టి హాల్లోంచి వరండాలోకి వస్తుంది. వరండాలోంచి మేడ మీదికి వెళుతుంది. ఆ తర్వాత ఒకరోజు, ఎవరికైనా కావాలేమో కనుక్కోండి అంటారు. ఇంకోచోట బ్యాంకు ఉద్యోగికి బదిలీ అవుతుంది. సామాను లారీలో అద్దాల తొట్టి పెట్టడానికి భయపడి, పక్కింటివాళ్లకి ఇచ్చేస్తారు.

పాతది కొనుక్కోవడంలో తప్పేం లేదండి. నన్నడిగితే మంచిదే అంటాను. అద్దం అరిగిపోయే వస్తువు కాదు. గీత పడకుండా, పెచ్చు ఊడకుండా ఉంటే ఎన్నేళ్లయినా ఉంటుంది. సమస్య అద్దం కాదు. అద్దానికీ అద్దానికీ మధ్య ఉన్న అతుకు. ఆ అతుకే తొట్టి. అందుకే కొనేవాళ్లు చూడాల్సింది అద్దం మెరుపు కాదు, అతుకు.

ఆ అతుకు ఏమిటో ముందు చెబుతాను. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. ఆ రోజుల నుంచి చాలాకాలం తొట్టి అంటే ఇనుప చట్రమే. చట్రంలో అద్దాలు బిగించి, సందుల్లో లప్పం లాంటి పదార్థం కూరేవారు. మన దగ్గర కూడా ఇనుప యాంగిల్ చట్రంతో చేసిన అలాంటి తొట్లు చూసిన పెద్దవాళ్లు ఉంటారు. లప్పం ఎండేది, బీటలిచ్చేది. ఇనుము తుప్పు పట్టేది. 1960ల్లో సిలికాన్ గమ్ము వాడుకలోకి వచ్చాక చట్రం అవసరమే పోయింది. అద్దాన్ని అద్దానికి నేరుగా అంటించారు. ఇవాళ మన ఇళ్లలో ఉన్న తొట్టి అదే. అయిదు అద్దాలు, మధ్యలో గమ్ము. అంతే. మేకు లేదు, బోల్టు లేదు.

మరి ఆ గమ్ము మోసే బలం ఎంత? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చిన్న తొట్టి తీసుకోండి. అందులో దాదాపు 56 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 56 కిలోల బరువు. ఇది కిందికి దిగే బరువు. నీళ్లు కిందికే కాదు, పక్కలకీ నెడతాయి. ఆ చిన్న తొట్టి నిండా నీళ్లు పోస్తే, ముందు అద్దాన్ని బయటికి నెట్టే బలం సుమారు 28 కిలోలు. రాత్రీ పగలూ నెడుతూనే ఉంటుంది. ఇప్పుడు అదే పొడవున్న తొట్టి ఎత్తు రెట్టింపు చేయండి. రెండడుగుల ఎత్తు. నెట్టుడు రెండింతలు అవదు. నాలుగింతలు అవుతుంది. 110 కిలోలు దాటుతుంది. అందుకే పాత తొట్టి కొంటున్నప్పుడు పొడవు చూసి భయపడక్కర్లేదు. ఎత్తు చూసి జాగ్రత్త పడాలి. మళ్లీ చెబుతున్నాను. ఎత్తు పెరిగేకొద్దీ అతుకు మీద భారం చాలా వేగంగా పెరుగుతుంది. అడుగుభాగంలో ఇంకా ఎక్కువ.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. కాలువ గట్టు ఎప్పుడూ పైనుంచే తెగదు. అడుగున ఎక్కడో ఒక ఎండ్రకాయ బొరియ ఉంటుంది. ముందు చెమ్మ కనిపిస్తుంది. తర్వాత ఊట. తర్వాత గండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మనం మరిచిపోలేం. గట్టు చూసుకునే లస్కరు నీటి వైపు చూసి ఊరుకోడు. గట్టు వెనక, అడుగున, పొడిగా ఉండాల్సిన చోట చెమ్మ ఉందేమో చూస్తాడు. తొట్టిని కూడా అలాగే చూడాలి. వెనక, అడుగున, పొడిగా ఉండాల్సిన చోట.

సరే, ఇప్పుడు అమ్మేవాళ్ల ఇంటికి వెళదాం.

ఒక మాట ముందే ఫోనులో చెప్పండి. "ఏవండీ, మేం వచ్చేదాకా తొట్టిని కడగకండి, ఉన్నచోటే ఉంచండి." ఇది చాలా ముఖ్యం. చాలామంది మర్యాద కొద్దీ శుభ్రంగా తోమి, తుడిచి, గుమ్మం ముందు పెట్టి ఉంచుతారు. పాపం, మంచి ఉద్దేశంతోనే. కానీ కడగని తొట్టి చెప్పినన్ని నిజాలు కడిగిన తొట్టి చెప్పదు. ఎందుకంటారా? మన కృష్ణా డెల్టాలో, సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అలాంటి నీళ్లు అతుకులోంచి సన్నగా చెమర్చి ఆరిపోతే, తెల్లటి చార మిగులుతుంది. గోరుతో గీకితే పొడి రాలుతుంది. తొట్టి బయటి వైపు, మూల వెంబడి కిందికి దిగిన తెల్లటి చార కనిపించిందంటే, ఆ అతుకు ఎప్పుడో చెమర్చిందన్నమాట. పైఅంచు దగ్గర తెల్లటి మరకలుంటే కంగారు పడకండి. అవి నీళ్లు చిందినవి. కింది మూలలో, బయటి వైపు ఉన్న తెల్లదనం వేరు. అది సాక్ష్యం. ఒక్కసారి వెనిగర్ పెట్టి తుడిస్తే ఆ సాక్ష్యం పోతుంది.

తర్వాత తొట్టిని కాదు, తొట్టి కింద ఉన్న స్టాండుని చూడండి. ఇనుప స్టాండు అయితే నాలుగు మూలలూ చూడండి. మూడు మూలలు రంగుతో బాగుండి, ఒక్క మూల మాత్రం తుప్పు పట్టి పొరలు లేచిందా? ఆ పైన ఉన్న అతుకు మీద అనుమానం పెట్టుకోండి. చెక్క బల్ల అయితే అంచు ఉబ్బిందేమో చూడండి. ప్లైవుడ్ నీళ్లు తాగితే పొరలు విడిపోతుంది. అంచు పువ్వులా విచ్చుకుంటుంది. గోడకి ఆనుకుని ఉన్న వైపు సున్నం ఉబ్బి రాలిందా? అదీ చూడండి. పెట్టిన చోటు అబద్ధం ఆడదు.

అమ్మేవాళ్లు అంటారు. "రెండేళ్లు వాడామండీ, చుక్క నీరు కారలేదు." వాళ్లు నిజమే చెబుతూ ఉండవచ్చు. చివరిసారి నీళ్లున్నప్పుడు కారలేదు. ఆ తర్వాత మేడ మీదికి ఎత్తారు, దించారు, పక్కకి జరిపారు, దాని మీద అట్టపెట్టెలు పెట్టారు. "సంతోషమండీ. నీళ్లు తీసేసి ఎన్నాళ్లయింది? ఎన్నిసార్లు చోటు మార్చారు?" అని అడగండి. తొట్టి వయసు కన్నా ఈ రెండు ప్రశ్నలకి వచ్చే జవాబులు ఎక్కువ ఉపయోగపడతాయి.

ఎండలో పడి ఉంది కదా, గమ్ము ఎండిపోయి ఉంటుందని కొందరు అనుకుంటారు. సిలికాన్ ఎండకీ వేడికీ బాగానే ఓర్చుకుంటుంది. లప్పంలాగా ఎండి బీటలివ్వదు. దాని బలహీనత గమ్ములో కాదు. గమ్ము అద్దాన్ని పట్టుకున్న చోట. కట్టినప్పుడు అద్దం మీద నూనె జిడ్డో, దుమ్మో ఉంటే అక్కడ పట్టు రాదు. తర్వాత పాచి గీకే బ్లేడు మూలకి తగిలితే అక్కడ పట్టు పోతుంది. ఎగుడుదిగుడు నేల మీద పెడితే అద్దాలు మెలిపడి అక్కడ పట్టు సడలుతుంది.

ఆ పట్టు ఉందో లేదో కంటితో ఎలా చూడాలి? పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద కొనకండి. టార్చి ఉంటే ఇంకా మంచిది.

గమ్ము రెండు చోట్ల ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి. ఒకటి, అద్దం అంచుకీ ఎదుటి అద్దానికీ మధ్య నలిగి ఉన్న పల్చటి పొర. తొట్టిని నిలబెట్టేది అదే. రెండోది, లోపలి మూలల్లో వేలితో రాసినట్టు కనిపించే వరుస. అది మొదటి పొరకి కాపలా. లోపలి వరుస కాస్త చెడితే బాగు చేసుకోవచ్చు. మధ్య పొర చెడితే ఆ తొట్టి జోలికి పోకపోవడమే మంచిది.

మధ్య పొరని బయటి నుంచి, అద్దంలోంచి చూడాలి. పట్టు బాగున్న చోట గమ్ము ఒకే రంగులో, నిండుగా కనిపిస్తుంది. పట్టు వదిలిన చోట గాలి చేరుతుంది. అక్కడ వెండి పూసినట్టు తెల్లగా మెరుస్తుంది. తల కొంచెం అటూ ఇటూ కదిపి చూస్తే ఆ మెరుపు బాగా తెలుస్తుంది. ఎక్కడో ఒక చిన్న బుడగ ఉంటే పట్టించుకోవద్దు. అది కట్టినప్పుడు పడ్డ బుడగ. కానీ బుడగలు ఒకదాని పక్కన ఒకటి చేరి, లోపలి వైపు నుంచి బయటి వైపు దాకా దారి కట్టాయా? అది నీళ్లు నడిచే దారి.

ఇంకొక గుర్తు ఆకుపచ్చ గీత. అతుకు మధ్యలోకి పాచి పాకిందంటే నీళ్లు అక్కడిదాకా వెళ్లాయి. నీళ్లు చేరకుండా పాచి పెరగదు కదా. గమ్ము పైన పాచి మరకలుంటే ఫరవాలేదు, తుడిస్తే పోతాయి. గమ్ముకీ అద్దానికీ నడుమ పచ్చదనం ఉంటే తుడిచినా పోదు. అలాంటి తొట్టికి నేను డబ్బు పెట్టను.

ఇక లోపలి వరుస. బొటనవేలి గోరు పెట్టి మెల్లిగా నెట్టి చూడండి. గట్టిగా పీకకండి, అది ఇంకా వాళ్ల వస్తువే. రబ్బరులా లొంగి మళ్లీ మామూలుగా అయితే మంచిది. అంచు అద్దం నుంచి లేస్తుంటే మంచిది కాదు. బంకబంకగా చేతికి అంటినా, పొడిపొడిగా రాలినా మంచిది కాదు. రంగు మాత్రం చూసి తీర్పు చెప్పకండి. తెల్లటి గమ్ము పసుపు రంగుకి తిరగడం మామూలే.

ఒకచోట మాత్రమే కొత్త గమ్ము, మిగతా అంతా పాతది కనిపిస్తే ఆగండి. అక్కడ ఎవరో అతుకు వేశారు. పుల్లటి ఘాటు వాసన వస్తుంటే ఈ మధ్యనే వేశారు. కుళాయి పైపులకి అంటించే సీలు ముద్దని మూలలో అద్దినవి కూడా ఉంటాయి. ఆ ముద్ద గట్టిపడిపోతుంది. నీళ్లు పోసినప్పుడు అద్దం వెంట్రుకవాసి కదులుతుంది. గమ్ము ఆ కదలికకి సాగుతుంది, ముద్ద సాగదు. అందుకే అది నిలవదు.

పైన అడ్డంగా అతికించిన అద్దపు పట్టీలు ఉంటే అవీ లెక్కపెట్టుకోండి. ఒకటి ఊడిపోయిన గుర్తు ఉందా? పొడవాటి తొట్లలో ఆ పట్టీలే ముందు వెనక అద్దాల్ని బయటికి ఉబ్బకుండా పట్టి ఉంచుతాయి. పట్టీ పోయిన తొట్టి పూర్తి తొట్టి కాదు.

పెద్ద తొట్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. జర్మనీలో బెర్లిన్ నగరంలో ఒక హోటల్ లోపల నిలువు గొట్టం ఆకారంలో ఆక్వాడోమ్ అనే అక్వేరియం ఉండేది. పది లక్షల లీటర్ల నీళ్లు. సుమారు 1500 చేపలు. 2022 డిసెంబరు 16న తెల్లవారుజామున అది ఉన్నట్టుండి పగిలిపోయింది. చేపల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. ఇద్దరు మనుషులకి దెబ్బలు తగిలాయి. సందర్శకులు తిరిగే వేళ కాకపోవడం వల్ల అంతటితో పోయింది. అది సిలికాన్‌తో కట్టిన గాజు తొట్టి కాదు, యాక్రిలిక్. నిపుణులు ముక్కల్ని పరీక్షించారు. కారణం ఇదేనని గట్టిగా తేల్చలేకపోయారు. వాళ్లు చెప్పిన అవకాశాల్లో ఒకటి మాత్రం అతుకు విడిపోవడం. అంత డబ్బు, అంతమంది ఇంజనీర్లు ఉన్నచోట కూడా ముందుగా ఏ చెమ్మా కనిపించకుండా అది జరిగింది. మన ఇంటి తొట్టి అంత ప్రమాదం తేదు. అయినా పడుకున్న పిల్లల మంచం పక్కన, కరెంటు బోర్డు కింద పెట్టుకునే వస్తువు అది.

సరే, చూశాం, నచ్చింది, బేరం కుదిరింది. ఇంటికి తేవాలి.

విజయవాడలో కొన్న తొట్టి ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి చేరేలోపు ఎన్ని గుంతలు, ఎన్ని స్పీడ్ బ్రేకర్లు! తొట్టిలో నీళ్లు పూర్తిగా తీసేయండి. రాళ్లు, ఇసుక కూడా తీసేయండి. "కొంచెమే కదా, అలాగే తీసుకెళ్లండి" అంటారు. వద్దు. అడుగున రాళ్లు ఉండగా ఎత్తితే ఆ బరువంతా అడుగు అతుకు మీద పడుతుంది. పైఅంచు పట్టుకుని ఎత్తకండి. ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, అడుగు అద్దం కింద. ట్రాలీ ఆటోలో కింద మందపాటి బొంత పరిచి, తొట్టిని అడుగు మీదే నిలబెట్టండి. పక్కకి పడుకోబెట్టకండి.

ఇంటికి వచ్చింది. ఇప్పుడు అసలు పరీక్ష. శ్రోతలారా, ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ అనుమానాలు పట్టుకునే పద్ధతులు. తీర్పు చెప్పేది నీళ్లే. కంటికి బాగున్న తొట్టి కారవచ్చు. కంటికి అంత బాగోలేని తొట్టి గట్టిగా నిలవవచ్చు. నీళ్లు పోయకుండా చేపల్ని వదలకండి. ఒక్క గంట కాదు. కనీసం ఒక పగలూ ఒక రాత్రీ. రెండు రోజులైతే మరీ మంచిది.

హాల్లో పెట్టి పరీక్షించకండి. కారినా నష్టం లేని చోటు చూడండి. అరుగు, వరండా, కుళాయి దగ్గర గచ్చు. గట్టి బల్ల ఉంటే దాని మీద పెడితే వంగి చుట్టూ చూడటం తేలిక. నేల సమంగా ఉండాలి. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. అది లేకపోయినా దిగులు లేదు. తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, నాలుగు మూలల్లో స్కేలు పెట్టి కొలవండి. నాలుగూ ఒకటే అయితే నేల సమం. తేడా ఉంటే నీళ్లు తీసేసి సర్దండి. తొట్టి అడుగున థర్మాకోల్ షీటు వేయండి. చిన్న ఇసుక రేణువు అద్దం కింద నలిగినా అక్కడి నుంచి చిట్లుతుంది, థర్మాకోల్ దాన్ని తనలోకి తీసుకుంటుంది. అడుగున ప్లాస్టిక్ చట్రం బిగించి ఉన్న తొట్టికి మాత్రం థర్మాకోల్ వద్దు.

ఇప్పుడు తొట్టి బయటంతా పొడిగుడ్డతో తుడవండి. కింద చుట్టూ పాత వార్తాపత్రికలు పరవండి, అంచులు బయటికి కనిపించేలా. పత్రిక కాగితం ఒక్క చుక్క పడినా రంగు మారుతుంది. మన కన్ను పట్టలేనిది అది పడుతుంది.

నీళ్లు ఒకేసారి నింపకండి. ముందు మూడో వంతు పోసి ఆగండి. పొడి వేలితో అడుగు అంచు చుట్టూ తడమండి. తడి లేదా? సగం దాకా పోసి, గంట ఆగి, మళ్లీ తడమండి. తర్వాత, మీరు వాడేటప్పుడు ఎంతవరకు ఉంచుతారో అంతవరకు నింపండి. సగం నీళ్లతో నిలిచిన అతుకు నిండు నీళ్లతో నిలవాలని లేదు. ఎత్తు రెట్టింపు అయితే నెట్టుడు నాలుగింతలు అని ఇందాక చెప్పుకున్నాం కదా.

నింపాక నీటి మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. పక్కనే ఒక వెడల్పాటి టబ్బులో కూడా నీళ్లు పోసి, దానికీ గీత పెట్టండి. ఈ టబ్బు ఎందుకంటే, మన ఎండలకి నీళ్లు ఆవిరైపోతాయి. తెల్లారి చూస్తే తొట్టిలో మట్టం తగ్గి ఉంటుంది. కారిందా, ఆవిరైందా? టబ్బులో ఎంత తగ్గిందో తొట్టిలోనూ ఇంచుమించు అంతే తగ్గితే అది ఆవిరి. టబ్బు కన్నా తొట్టిలో బాగా ఎక్కువ తగ్గితే ఎక్కడో దారి ఉంది. ఖర్చు లేని పరీక్ష ఇది. గుర్తుంచుకోండి. తొట్టి పక్కన టబ్బు, రెండింటికీ గీతలు.

వానాకాలంలో ఇంకొక చిక్కు. గాలి నిండా తేమ ఉంటుంది. చల్లటి నీళ్లు పోస్తే అద్దం బయట చెమట పడుతుంది. అయ్యో కారుతోందని కొందరు భయపడతారు. చెమట అయితే అద్దమంతా పరుచుకుంటుంది. కారేది అతుకు వెంబడే, ఒకచోటే ఉంటుంది. నీళ్లు గది వేడికి వచ్చేదాకా ఆగి, తుడిచి, మళ్లీ చూడండి. చెమట తిరిగి రాదు. కారే నీరు వస్తుంది.

కారుతున్నట్టు తేలితే చుక్క పడిన చోట గీత పెట్టుకోండి. అయితే చుక్క పడిన చోటే లోపలి రంధ్రం ఉందనుకోవద్దు. నీళ్లు లోపల ఒకచోట దూరి, అతుకు మధ్యలో జానెడు దూరం నడిచి, ఇంకొకచోట బయటపడవచ్చు. చాలామంది ఇక్కడే పొరపడతారు. బయట తడి ఉన్నచోట బయటి నుంచే గమ్ము రాసేస్తారు. లోపల నుంచి నెట్టే నీళ్లని బయట రాసిన గమ్ము ఎంతసేపు ఆపుతుంది?

మరి బాగు చేయడం ఎలా? ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఆరిన పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ గట్టిగా అంటుకోదు. అద్దానికి అంటుకుంటుంది, తన పాతదానికి మాత్రం సరిగా అంటుకోదు. అందుకే పాతదాని మీద కొత్తది రాస్తే పని అయినట్టు కనిపిస్తుంది, పని కాదు. లోపలి వరుస మొత్తం తీసేయాలి. కారే ఒక్క మూలే కాదు, అన్ని మూలలూ. ఒక్కచోటే తీసి ఒక్కచోటే రాస్తే, కొత్తదీ పాతదీ కలిసే చోట మళ్లీ సందు మిగులుతుంది.

బ్లేడుతో లోపలి వరుసని జాగ్రత్తగా కోసి తీయండి. అద్దాల మధ్య పొరలోకి బ్లేడు దూర్చకండి, తొట్టిని నిలబెట్టేది అదేనని చెప్పాను. అద్దం మీద మిగిలిన పొరని గీకేసి, అసిటోన్‌తో తుడవండి. దీపం, స్టవ్ దగ్గర ఆ పని వద్దు, అది ఇట్టే అంటుకుంటుంది. వేలితో తాకితే జిడ్డు తగలకూడదు. పూర్తిగా ఆరాక కొత్త గమ్ము రాయాలి.

ఏ గమ్ము? కొట్లో అక్వేరియం సిలికాన్ అని అడిగి, ట్యూబు మీద ఆ మాట ఉందో లేదో చదివి తీసుకోండి. బాత్రూములకీ వంటింటి సింకులకీ వాడే, బూజు పట్టదని రాసిన రకం వద్దు. ఎందుకంటే అందులో బూజుని చంపే మందు కలిపి ఉంటుంది. ఆ మందు నీళ్లలోకి దిగితే చేపల ప్రాణం మీదికి వస్తుంది. మళ్లీ చెబుతున్నాను. బూజు పట్టదని రాసి ఉన్నది చేపల తొట్టికి వద్దు.

అన్ని మూలలూ ఒకే ఊపులో రాయాలి. కొన్ని నిమిషాల్లోనే పైన పొర కడుతుంది. ఆలోపే తడి వేలితో నునుపు చేయాలి. పొర కట్టాక ముట్టుకుంటే పాడవుతుంది. పుల్లటి ఘాటు వాసన వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టండి. సిలికాన్ గాలిలోని తేమని పట్టుకుని గట్టిపడుతుంది. పై నుంచి లోపలికి మెల్లిగా గట్టిపడుతుంది. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అందుకని తొందర వద్దు. వారం రోజులు వదిలేయండి. వాసన పూర్తిగా పోవాలి. అప్పుడు మళ్లీ మొదటి నుంచి, పత్రికలు, టబ్బు, గీతలు, రెండు రోజులు.

మధ్య పొరే విడిపోయి ఉంటే ఇదంతా సరిపోదు. అద్దాలన్నీ విడదీసి మళ్లీ కట్టాలి. తొట్లు కట్టే పనివాళ్లు చేయగలరు. చిన్న తొట్టికి ఆ ఖర్చు దండగ. దాంట్లో నారు పోసుకోండి, చిన్న మొక్కలు పెంచుకోండి. పెద్ద తొట్టి, మందపాటి అద్దం అయితే కట్టించుకోవచ్చు.

ఈ రోజులన్నీ చేపలు ఎక్కడుండాలి? పాత తొట్టి అమ్మేవాళ్లు చాలాసార్లు చేపల్ని కూడా ఇచ్చేస్తారు. తొట్టి పరీక్షలో ఉన్నన్నాళ్లు వాటిని పెద్ద ప్లాస్టిక్ టబ్బులో, వాటి పాత నీళ్లలోనే, గాలి పంపు పెట్టి ఉంచండి. సబ్బు తగలని టబ్బు అయ్యుండాలి. టబ్బు మీద వల గుడ్డ కప్పండి, ఎగిరి పడతాయి. మేత తగ్గించండి. రోజూ కొంచెం నీళ్లు తీసి, క్లోరిన్ లేని నీళ్లు కలపండి.

వాటిలో అద్దానికి నోరు అతికించుకుని పాచి తినే నల్లటి చేప ఒకటి ఉండవచ్చు. సక్కర్ చేప అంటారు. పెరిగి పెరిగి తొట్టి పట్టదు. అప్పుడు జాలిపడి పక్క కాలువలో వదిలేస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చేప. మన చేపల చెరువుల్లో అది వలలు పాడు చేస్తోందని రైతులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మీకు అక్కర్లేకపోతే చేపల దుకాణంవాళ్లకి తిరిగి ఇవ్వండి. కాలువలోకి మాత్రం వద్దు.

పరీక్ష నెగ్గిన తొట్టిని హాల్లో పెట్టేటప్పుడు కరెంటు బోర్డుకి దూరంగా పెట్టండి. పంపు వైరు బోర్డు దగ్గరికి వచ్చేముందు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి లేవాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. మొదటి నెల రోజులు స్టాండు మీద, తొట్టి అంచు కింద, ఒక పత్రిక కాగితం ఉంచండి. పొద్దున్నే చేపలకి మేత వేసేది ఇంట్లో ఎవరైతే, ఆ కాగితం చూసే పని కూడా వాళ్లకే అప్పగించండి. పిల్లలైతే ఆ పని ఇష్టంగా చేస్తారు.